గిజిగాడు, తాటిచెట్టు: ఉప్పల్ నాచారముల ఇద్దరు సాక్షులు



గ్రామచరిత్ర యనగానే మనము శాసనముల కొరకును, దేవాలయముల కొరకును, కోటగోడల కొరకును వెదకుదుము. అవి దొరకని యూరికి చరిత్రయే లేదని తలచుట మనకు పరిపాటి. హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారము అను రెండు గ్రామములను గూర్చి నేడు నేను చెప్పదలచిన చరిత్రకు రాజులును, రణములును ఆధారములు కావు. ఒక పక్షియు, ఒక చెట్టును ఆధారములు. ఆ పక్షి గిజిగాడు. ఆ చెట్టు తాడి.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి పోల్చుట కేవలము వినోదమునకు గాదు. పొలము పేటగాను, పేట నగరముగాను మారునపుడు ముందు పోవునది యేది, వెనుక నిలుచునది యేది అను ప్రశ్నకు ఇవి చెరియొక యుత్తరము నిచ్చుచున్నవి. ఉప్పల్, నాచారములు ఆ ప్రశ్నను దాటిపోయినవి. మీ గ్రామములు ఇంకను దాటలేదు. కావున ఆ యుత్తరములు మీకు పనికివచ్చునని నా నమ్మకము.

మొదట పేళ్ల సంగతి విచారింతము. గిజిగానికి స్వీడను దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1766లో పెట్టిన లాటిను పేరునకు ఫిలిప్పీను దీవుల పక్షి యని యర్థము. చిత్రమేమనగా ఆ దీవులు ఈ పక్షికి జన్మభూమి కావు. భారతదేశము, సింహళము, బర్మా మొదలగునవి దీని నివాసములు. ఎక్కడిదో సరిగా తెలియక పెట్టిన పేరు శాస్త్రగ్రంథములలో నేటికిని స్థిరముగా నిలిచియున్నది.

శాస్త్రజ్ఞులు దీనిని గానపక్షుల వర్గమున చేర్చిరి. గిజిగాని కూత విన్నవారికి ఇది మరియొక వింతగా తోచును. మగపక్షులన్నియు గూళ్లను పట్టుకొని రెక్కలాడించుచు చిట్‌చిట్‌మని గోల చేసి, తుదను ఈలవంటి సాగిన ధ్వనితో ముగించును. అందు మాధుర్యము తక్కువ, సందడి యెక్కువ. మనము గానమునకు మారుపేరుగా చెప్పుకొను కోకిలయో, ఆ వర్గమున చేరనే చేరదు. కాకి మాత్రము చేరును! ఆ వర్గము వీనులకింపును బట్టి యేర్పడినది కాదు. శరీరనిర్మాణమును, అందు ముఖ్యముగా గొంతులోని నాదయంత్రపు కూర్పును బట్టి యేర్పడినది. లోకము మెచ్చిన గాయకుడు బయటను, సంతగోల చేయువాడు లోపలను ఉండుట శాస్త్రమున కొత్త కాదు.

తాటిచెట్టు సంగతియు నిట్టిదే. మనము దానిని చెట్టందుము గాని, అది వేపకును మర్రికిని చుట్టము కాదు, గడ్డికి దాయాది. వేపమాను ఏటేట లావెక్కుచు, కోసి చూచిన వారికి వయస్సు తెలుపు వలయములను చూపును. తాటిబొద్దులో అట్టి వలయములు లేవు. ఒకసారి బొద్దు ఏర్పడిన పిమ్మట అది మరి లావు కాదు, పొడవే పెరుగును. కొమ్మలు లేవు. తలయందు ఒకే మొవ్వు. ఆ మొవ్వు తెగినచో చెట్టంతయు చచ్చును. ఈ సూక్ష్మమును మన పూర్వులు ఎరుగక పోలేదు. అమరసింహుడు తన నిఘంటువునందు తాటిని తృణరాజమనియు, తాళ ఖర్జూరాదులను తృణద్రుమములనియు పేర్కొనెను. గడ్డికి రాజు, గడ్డిచెట్టు అని యర్థము. లిన్నేయసు 1753లో ఇదే చెట్టునకు విసనకర్రలు మోయునది యను నర్థముగల పేరిడెను. ఆయన ఆకును చూచెను. అమరుడు వంశమును చూచెను.

ఇక గిజిగాడు చేయు పని యేమి? గడ్డిని చీల్చి, గడ్డిని నేసి, ఆ నేతను గడ్డిజాతి రాజు చేతికొనకు వ్రేలాడదీయును. ఈ రెండు ప్రాణములకు గల సంబంధమంతయు ఈ యొక్క మాటలో నున్నది. కాని సంబంధము గలవారందరు ఒకే తీరువారు కారు. వీని స్వభావములు ఎంత భిన్నములో ఇపుడు చూతము.

తాడి నెమ్మదిగల జాతి. పండులోని టెంక నేలలో పడగానే మొలక పైకి రాదు. ముందు క్రిందికి దిగును. ఆ దిగిన దుంపనే మనము తేగయని, తెలంగాణమున గేగు అని త్రవ్వి, కాల్చి తినుచున్నాము. తినక విడిచినచో అది వేరూని, కొన్నేండ్లు నేలమీద ఆకులగుత్తిగా నుండి, పిదప బొద్దు తీయును. పూత పూయుటకు పండ్రెండు మొదలు ఇరువది యేండ్లు పట్టును. అంతవరకు అది పోతో, పెంటియో యెవరికిని తెలియదు. ఏలయన వీనిలో పోతుచెట్లు వేరు, పండుచెట్లు వేరు. అటుపిమ్మట నూరేండ్లకు పైగా బ్రతికి, ఎనుబది తొంబది యడుగుల యెత్తు పెరుగగలదు. తాత నాటిన తాటికల్లు మనుమడు త్రాగును అనుట అతిశయోక్తి కాదు.

గిజిగాడు తొందరగల జాతి. తొలకరి మేఘము పట్టగానే మగపక్షి తల, రొమ్ము పసుపువన్నె దాల్చును. అంతవరకు అది ఊరపిచ్చుక ఆడుదానివలె నుండును. చెరువు క్రింది వరిమడిలో నాకు అంచును ముక్కుతో గాటుపెట్టి, చీలిక కొనను పట్టుకొని యెగిరినచో, జానెడు మొదలు మూరకు మించిన పీచు చీలి వచ్చును. అట్లు ఒక గూటికి ఐదువందల మారులు వరకు పోయివచ్చునని లెక్కించిరి. పూర్తి గూటికి సుమారు పదునెనిమిది దినములు పట్టును. ఇందు ఎనిమిది దినములకు గూడు టోపి యాకారమునకు వచ్చును. అప్పుడు పని యాపి, మగపక్షి రెక్కలు కొట్టుచు ఆడుపక్షులను పిలుచును. ఆడుపక్షి వచ్చి లోపల కూర్చుండి, ముక్కుతో లాగి, గట్టిదనము పరీక్షించి, నచ్చిననే కాపురమునకు ఒప్పుకొనును. నచ్చనిచో ఆ టోపి అట్లే మిగిలిపోవును. మీలో పలువురు చెట్టునకు వ్రేలాడు సగపు గూళ్లను చూచి, ఇవి ఊయలలని యనుకొనియుందురు. అవి ఊయలలు కావు. వధువు మెచ్చని యిండ్లు.

ఈ రహస్యమును మొదట సవివరముగా లోకమునకు తెలిపినవాడు భారతీయుడే. సలీము ఆలీ యను పక్షిశాస్త్రజ్ఞుడు 1930లో బొంబాయికి దక్షిణమున సముద్రతీరమందలి కిహీము గ్రామమున ఒక గిజిగాళ్ల గుంపును నెలల తరబడి కనిపెట్టి చూచి, 1931లో తన పరిశీలనలను ప్రకటించెను. గూడు కట్టువాడు మగవాడే ననియు, ఒక గూడు కుదిరిన పిమ్మట అతడు రెండవదియు, మూడవదియు కట్టి వేరువేరు భార్యలను సంపాదించుననియు అందు వెల్లడియైనది. ఆ సలీము ఆలీయే 1931, 1932 సంవత్సరములలో నిజాము ప్రభుత్వపు పోషణమున హైదరాబాదు సంస్థానమందలి పక్షుల పరిశోధనమును జరిపెను. కనుక మన ప్రాంతపు పక్షులకును ఆయన పేరునకును సంబంధము గలదు.

గిజిగాడు తన గూటిలో మట్టియుండ పెట్టి, దానికి మిణుగురుపురుగును గ్రుచ్చి, దీపముగా వాడుకొనునని మన గ్రామములలో చెప్పుకొందురు. మట్టి పూయుట నిజము. టోపిదశలో లోగోడలకు తడిమట్టి పూయుట పరిశీలకులు చూచిరి. మిణుగురుదీపము మాత్రము కథ. అయినను ఆ కథను నేను ఆక్షేపింపను. పిట్టగూటిలో వెలుగుండవలెనని కోరుకొన్న మనస్సు మంచి మనస్సు. గుఱ్ఱము జాషువ వంటి మహాకవి ఈ పిట్టపై ప్రత్యేకముగా నొక ఖండిక రచించుటకు కారణమును ఆ నేర్పే. చేతులు లేని ప్రాణి ఒక్క ముక్కుతో ముడివేయుట చూచి ఆశ్చర్యపడనివాడు కవి యెట్లగును?

ఇంతకును ఈ పక్షికి మూడు వస్తువులు ఒకేచోట కావలెను. గూటికి పీచును, కడుపునకు గింజను ఇచ్చు పైరు ఒకటి. పాములును, పిల్లులును ఎక్కలేని యెత్తైన యాధారము రెండవది. క్రింద నీరు మూడవది. నీటిపై వ్రేలాడు గూటిని శత్రువు చేరుట కష్టము. పైరన్న వరి, ఆధారమన్న తాడియో, ఈతయో, ముండ్లతుమ్మయో, నీరన్న చెరువో, మోటబావియో. గాలివానను గూడ అది లెక్కకు తెచ్చుకొనును. నైరృతిదిక్కు వాన కొట్టకుండ చెట్టునకు తూర్పువైపున గూళ్లు కట్టుట తరచుగా చూడబడినది.

ఉప్పల్, నాచారములు ఈ మూడును కలిసిన నేలలు. ఉప్పల్‌నకు నల్లచెరువు, నాచారమునకు పెద్దచెరువు, దక్షిణమున మూసీనది. తెలంగాణపు గొలుసుచెరువుల యేర్పాటు మీకు క్రొత్తది కాదు: పైచెరువు అలుగు పారి క్రిందిచెరువు నిండును, తూము క్రింద వరి పండును, కట్టమీదను మళ్ల గట్లమీదను తాళ్లును ఈతలును పెరుగును. నిజాము కాలపు లెక్కలలో వానకారు పంటను ఆబి యనియు, వేసవి పంటను తాబి యనియు వ్రాసెడివారు. ఆబి నాటు పడి పైరు పచ్చబడు దినములే గిజిగానికి ముహూర్తము. చెరువు కట్టినవాడు పిట్టను తలచి కట్టలేదు. గట్టున టెంక పాతినవాడును తలచలేదు. అయినను వారిద్దరి పనియు కలిసి పిట్టకు ఊరు కట్టినది.

ఇపుడు మానవుని వంతు చెప్పవలెను. తాటియాకును గిజిగాడు చీల్చుకొనెను, మానవుడును చీల్చుకొనెను. పక్షి ఇల్లు నేసెను, మానవుడు గ్రంథము వ్రాసెను. కాగితము ప్రబలువరకు మన పురాణములు, వైద్యము, జ్యోతిషము, ఊరిలెక్కలు ఘంటముతో తాటాకుపైననే నిలిచినవి. ఉప్పల్‌నకు పడమట, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమునందు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున్నది. అచ్చటి తాళపత్రములను చూచినపుడెల్ల నాకు తోచునదేమనగా, మన సారస్వతమునకు ఒక కాలమున పొలముగట్టే కాగితపు కర్మాగారముగా నుండెను.

ఆకుతో నాగలేదు. ముంజలు, పండ్లు, తేగలు ఆహారమైనవి. మట్టలు తడికలైనవి, కమ్మలు కప్పులైనవి, బొద్దు దూలమును నీళ్లు తోడు దోనెయు నైనది. తాడికి 801 ఉపయోగములు గలవని తమిళులలో తాళవిలాసమను కృతి చెప్పునందురు. ఇన్ని యుపయోగములలో లోకము నోట మిగిలినది ఒక్క కల్లే. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురను సామెత చెట్టుపై పడిన యపవాదునకు గుర్తు.

ఆ కల్లు వలన ఒక కులమువారి జీవనమును, ఒక ప్రభుత్వపు బొక్కసమును నడచినవి. నడుమునకు మోకు, ముస్తాదు కట్టుకొని, గీతకత్తితో గెల మొదలు చెక్కి, లొట్టి కట్టి దించు గౌడుని పని ప్రాణములతో చెలగాటము. దినమునకు రెండు మారులైనను చెట్టెక్కవలెను. వాన తడిపిన బొద్దుపై కాలు జారినచో అంతే సంగతులు. నిజాము ప్రభుత్వమునకు ఆబ్కారీ ముఖ్యమైన యాదాయములలో నొకటి. అందు కల్లుచెట్లపై పన్నును, వేలముపాటలును పెద్దభాగము. గుత్తేదారు లాభము గడించెను, సర్కారు సొమ్ము కూర్చుకొనెను. చెట్టెక్కినవానికి కూలి దక్కినది.

ఈ కారణముననే 1947లో చెట్టు రాజకీయమున చిక్కుకొనెను. హైదరాబాదును భారతదేశమున కలుపవలెనని స్వామి రామానందతీర్థ నాయకత్వమున స్టేటు కాంగ్రెస్సువారు నడపిన యుద్యమమున కల్లుచెట్లను నరకుట ఒక సత్యాగ్రహవిధానమయ్యెను. సర్కారు ఆదాయమును కొట్టుటకు చెట్టును కొట్టిరి. సంస్థానమున పలుచోట్ల, అందు మరాఠీ జిల్లాలలో విరివిగా, ఇది జరిగెను. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము ముగిసెను. ఆ యుద్యమపు న్యాయమును నేను ప్రశ్నింపను. అయినను చరిత్ర వ్రాయువాడు ఒక మాట తప్పక చెప్పవలెను: పన్ను కట్టినది మనిషి, పన్ను తిన్నది రాజు, గొడ్డలి దెబ్బ తిన్నది చెట్టు, ఇల్లు పోగొట్టుకొన్నది పిట్ట.

గిజిగానికిని మానవుని కొలువు తప్పలేదు. అక్బరు పాదుషా కాలపు సంగతులను వ్రాసిన అబుల్ ఫజలు తన ఆయినీ అక్బరీలో ఈ పిట్ట తెలివిని మెచ్చుకొని, చిన్ననాణెములను తెచ్చి యజమాని చేతికిచ్చునట్లు దానిని పెంచుదురని వ్రాసెను. ఇటీవలి కాలము వరకు వీధిలో వింతలు చూపి పొట్టపోసుకొనువారు దీనిని పెంచిరి. 1972లో చేయబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన అడవిపక్షులను పట్టి పంజరమున నుంచుట నేరమైనది.

ఇక ఉప్పల్, నాచారములు మారిన తీరు వినుడు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ రెండు గ్రామముల పొలములలో పారిశ్రామికవాడలు వెలసినవి. ఉప్పల్ మార్గమున 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ స్థాపితమయ్యెను. జీవకణశాస్త్ర కేంద్రమునకు 1987లో అదే మార్గమున స్వంత భవనము లేచెను. 2005లో ఉప్పల్‌లో క్రికెట్టు మైదానమున అంతర్జాతీయ పోటీ జరిగెను. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలకసంఘము మహానగరపాలక సంస్థలో కలిసిపోయెను. 2017 నవంబరులో మెట్రోరైలు ఉప్పల్ మీదుగా నడువసాగెను. ఇవి యన్నియు జనులకు అన్నము పెట్టినవి, విద్య నిచ్చినవి, దూరమును తగ్గించినవి. వీనిని నిందించుట నా యుద్దేశము కాదు. పొలము పోయి పరిశ్రమ వచ్చినందున కడుపు నిండిన కుటుంబములు వేలకొలది యున్నవి.

అయితే ఈ మార్పులో పిట్ట పోయిన తీరు వేరు, చెట్టు పోయిన తీరు వేరు. వరి సాగు నిలిచిన యేడే గిజిగానికి పీచు లేదు. పీచు లేనిచో గూడు లేదు. గూడు లేనిచో ఆడుపక్షి రాదు. ఆడుపక్షి రానిచోట మగపక్షి రెండవయేడు నిలువదు. దానికి స్వంతభూమి లేదు, పట్టా లేదు, మొండిపట్టు లేదు. ఎగిరిపోవును. పోయినట్లు ఎవరికిని చాటింపు వేయదు. మూసీనీటితో పశువులకు పచ్చగడ్డి పెంచిన మళ్లవంటి చోట్లకు తరలి తలదాచుకొనును. అవియు పోయినచో మరియొక యూరికి.

తాడి యట్లు చేయలేదు. చెరువు ఎండినను దాని వేరు లోతున తడి వెదకుకొనును. పొలమునకు ప్రహరిగోడ కట్టినను, ఆ గోడలోపలనే నిలుచును. నాచారము కర్మాగారముల వీథులలో పోవునపుడు రేకుల కప్పులమీదుగా తలయెత్తియున్న ఒంటరి తాళ్లను నేను చూచియున్నాను. వాని మట్టలకు ఒక్క గూడును లేదు. వానిక్రింద గట్టు లేదు, మడి లేదు. తెలియనివారు ఆ చెట్టును చూచి, ఇచ్చట పల్లెదనము ఇంకను నిలిచియున్నదని సంతోషింతురు. కాని అది పల్లె పోయిన పిమ్మట మిగిలిన సంతకము మాత్రమే.

నేను ఈ రెంటిని పోల్చుటలోని సారాంశమిది. చెట్టు దస్తావేజు వంటిది, గడచినదానిని చెప్పును. పిట్ట నాడిమీది వ్రేలు వంటిది, నడచుచున్నదానిని చెప్పును. మన పెద్దలు చెట్టు నున్నది గనుక ఊరున్నదని నమ్ముదురు. ఊరు ఉన్నదా లేదా యని తెలియవలెనన్న చెట్టునకు గూడున్నదా లేదా యని చూడవలెను. మీ యూరి చెరువుకట్టమీది తాళ్లకు నిరుడు ఎన్ని గూళ్లు వ్రేలాడినవి, ఈయేడెన్ని యని లెక్కించిన చాలును. వరి, నీరు, చెట్టు అను మూడింటి ఒడంబడిక ఎంత గట్టిగా నున్నదో ఏ యధికారి నివేదికయు అంత త్వరగా చెప్పజాలదు.

గిజిగాడు లోకమున అంతరించుచున్న జాతి యని నేను భయపెట్టను. దేశమున అది నేటికిని విరివిగా నున్నది. అయితే విరివిగా నుండుట అభయపత్రము కాదు. దాని దాయాది యొకటి హిమాలయపు తెరాయి ప్రాంతమున నున్నది. 1869లో హ్యూము దొర దానిని వర్ణించెను. ఆ గడ్డినేలలు సాగునకును, కట్టడములకును పోగా పోగా, దాని సంఖ్య క్షీణించి, 2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దానిని అపాయస్థితిలోని జాతిగా ప్రకటించెను. ఒక చెరువు క్రింద పోయినది ఒక పిట్టగుంపే. చెరువులన్నియు పోయిననాడు?

ఇచ్చట రెండు ఆక్షేపణలు నాకు వినబడుచున్నవి. ఒకటి, గిజిగాడు వరిగింజ తినును గదా యని. తినును. గింజ పాలుపోసుకొనునపుడు గుంపు వ్రాలినచో రైతునకు నష్టమే. కాని అది తన పిల్లలకు పురుగులను ఏరి తెచ్చి పెట్టును. ఆ పురుగులలో పైరును తినునవి యుండును. మంచెమీద కూర్చుండి ఒడిసెల త్రిప్పిన మన తాతలు పిట్టను తోలిరి గాని, గూటిని నరకలేదు. తోలుట వేరు, తొలగించుట వేరు.

రెండవది, తాడిని పెంచుట కల్లును పెంచుట కాదా యని. 801 ఉపయోగములున్న చెట్టును ఒక్క దోషమునకు వెలివేయుట ధర్మము కాదు. త్రాగుడు మనిషి దోషము. నీరా, బెల్లము, ముంజ, తేగ, ఆకు, నార చెట్టు గుణములు. తమిళనాడు ప్రభుత్వము తాడిని రాష్ట్రవృక్షముగా గౌరవించి, 2021లో జిల్లా కలెక్టరు అనుమతి లేనిదే తాటిచెట్టును నరకరాదని ప్రకటించెను. మన తెలంగాణమునను 2015లో ఆరంభమైన హరితహారమున ఈత, తాటి మొక్కలకు చోటు దొరకినది.

అయినను ఒక సంగతి మరువరాదు. చెరువుకట్టమీది తాడిని నేడు కొట్టి, రేపు టెంక పాతినచో లెక్క సరిపోదు. ఈనాడు పాతిన టెంక పిట్టకు మట్ట చాచుటకు ఒక తరము పట్టును. గూడునకు పదునెనిమిది దినములు చాలును. గూడు కట్టించుకొను చెట్టునకు పదునెనిమిది యేండ్లును చాలకపోవచ్చును. పిట్ట నష్టమును ఒక్క ఋతువులో చూపును, చెట్టు లాభమును ఒక తరము తరువాత చూపును. ఈ రెండు కాలములను ఒక్కసారి మనస్సున పెట్టుకొని యోచింపగలవారు గ్రామమున పెద్దలొక్కరే. పడుచువారికి వెనుకటి లెక్క తెలియదు. నగరమువారికి ముందటి యోపిక లేదు.

కావున మీతో నా మనవి యేమనగా, ఈ తొలకరికి నాలుగు తాటిటెంకలను మీ చెరువుకట్టపై, అవి యుండవలసిన చోటనే పాతింపుడు. తాడి యొకచోట మొలచి మరియొకచోటికి మారుటను సులభముగా సహింపదు. గూళ్లున్న చెట్టును పిల్లలు మెలకువలేక కొట్టకుండ చూడుడు. చెరువుకట్టను, తూమును, అలుగును ఎవరేమి చేయుచున్నారో అడుగుడు. ఆ మూడును నిలిచినచో తక్కినదానిని గిజిగాడే చూచుకొనును. దానికి మన మేస్త్రీలతో పనిలేదు.

సెలవు.